మొదటి పంక్తి

ఆమె కుట్టిన విస్తరిలో చారు పోస్తే కింద చుక్క పడేది కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి. తర్వాత చెప్పబోయేవాటిలో ఆమెకు అనుకూలమైనవి తక్కువ, నాకు అనుకూలమైనవి అంతకన్నా తక్కువ.

తిరువూరు చుట్టుపక్కల ఆ రోజుల్లో పెళ్లికైనా, తద్దినానికైనా మోదుగాకు విస్తళ్లు కావాలంటే ఆమెకే కబురు వెళ్లేది. వినగడపలో పెళ్లయినా, పెనుగొలనులో సంతర్పణ అయినా ముందురోజు మధ్యాహ్నానికి నెత్తిన కట్టతో దిగేది. అందరూ విస్తళ్ల ముసలిది అనేవారు. నేను ఎరిగిన నాటికే ముసలిది. పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఇరవై ఏళ్లు మా వరండా మెట్టు కింద నిలబడింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు ఆమె లేదు. ఆమె తాలూకు వాళ్లను అడగడానికి నాకు మొహం లేదు.

మనిషి పొట్టి. నడుం కొంచెం వంగి, మెడ మాత్రం నిటారుగా ఉండేది. మొయ్యడం అలవాటైన మెడ. ఎప్పుడూ పెదాల మధ్య సన్నగా చీల్చిన వెదురుపుల్లలు గుప్పెడు పట్టుకుని ఉండేది. ఒళ్లో ఆకులు, నోట్లో పుల్లలు. ఆకు మీద ఆకు పెట్టడం, నోట్లోంచి పుల్ల తియ్యడం, గుచ్చడం, మిగిలిన ముక్క తుంచడం. మాట్లాడాల్సి వస్తే నోటి మూలనుంచి, పుల్లలు కదలకుండా మాట్లాడేది. అవి అయిపోయాక వచ్చే మాటలు వేరు. అందుకని ఆమెతో పని ఉన్నవాళ్లు నోట్లో పుల్లలు ఉండగానే పని చెప్పి వెళ్లిపోయేవారు.

ఆమెకు ఒక పాడు అలవాటు ఉండేది. విస్తళ్లు ఇచ్చి ఊరుకునేది కాదు. భోజనాలు అయ్యాక పెరట్లో పారేసిన ఆకుల కుప్ప దగ్గరికి వెళ్లి, కాలి బొటనవేలితో ఒక్కొక్కటీ తిరగేసి చూసేది. తన పనితనం చూసుకుంటోందని మొదట్లో అనుకున్నాం. ఆమె చూసేది వడ్డన. ఎవరు ఏం వదిలేశారు, ఏది ఉడకలేదు, ఏది చాలలేదు అన్నీ ఆ ఆకుల్లో చదివేది. ఆ చదివింది పక్క ఊళ్లో చెప్పేది. ఫలానావారి పెళ్లిలో వంకాయ పచ్చిదని, ఫలానావారు పులిహోరలో నూనె పొదుపు చేశారని ఆమె అన్నదంటే ఆ ఇంటికి నెలరోజులు తలవంపులే.

మా ఇంటి ఆకులు కూడా చదివింది. మా నాన్నగారి తద్దినానికి ఏటా ఆమే విస్తళ్లు తెచ్చేది. ఒక ఏడాది కుప్ప దగ్గరనుంచి వచ్చి, మెట్టు కింద నిలబడి, నోట్లో ఆఖరి పుల్ల తీసి కొప్పులో గుచ్చుకుంది.

"ఏం చదివావు?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"నెయ్యి మరక లేదు బాబుగారూ ఈసారి" అంది. "మీ తాతగారి రోజుల్లో ఈ పెరట్లో ఆకు పారేస్తే కుక్కలు కొట్టుకు చచ్చేవి. ఇప్పుడు వాసన చూసి పోతున్నయ్యి."

మా ఆవిడ తలుపు వెనక నిలబడి విన్నది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మా తాతగారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఇప్పటికీ మా ఇంటిని దివాణం అంటారు. పెంకులు సగం దిగిపోయాయి, వెనక భాగం అమ్మేశాం, అయినా ఆ పేరు పోలేదు. తిరువూరికి మూడు మైళ్ల దూరంలో ఉన్న కొండ, దాని వాలులో ఉన్న అడవి మా తాతగారి హయాంలో మావి. ఎస్టేట్లు రద్దయినప్పుడు గవర్నమెంటు తీసుకుంది. కొండ కింద ఒక పేట ఉంది. మేకల వాళ్లు, కట్టెల వాళ్లు, ఈ ముసలిది అందరూ అక్కడివాళ్లే. తాతగారు ఏటా శ్రీరామనవమి మర్నాడు పేట మొత్తాన్నీ పిలిచి మా లోగిట్లో అన్నం పెట్టించేవారు. వాళ్లు నేలమీద బారులు తీరి కూర్చుంటే, ఎగువన పీట మీద ఆయనా కూర్చుని తినేవారు. ఆయన లేవందే ఎవరూ లేచేవారు కాదు. ఆయన లేచాక ఎవరూ కూర్చునేవారు కాదు. ఒకసారి ఆకు ముందునుంచి లేచిన మనిషి మళ్లీ ఆ ఆకు ముందు కూర్చోకూడదు గదా. మా ఇంటి మర్యాద అదని మేం చెప్పుకునేవాళ్లం. నేను మొన్నటిదాకా చెప్పుకుంటూనే ఉండేవాణ్ణి.

ముసలిదానికి ఆ మర్యాద ఇంకో వైపునుంచి తెలుసు. ఒకసారి వరండా మెట్టు కింద కూర్చుని విస్తళ్లు కుడుతూ, నేను అడక్కుండానే అంది:

"మీ ఇంట్లో పెరుగు ఎట్టా ఉండేదో నాకు తెలవదు బాబుగారూ. చిన్నపిల్లప్పట్నించి వచ్చా. మీ తాతగారు తక్కువ తినే మనిషి. పెరుగు కుండ మా బారు దాకా రాకముందే లేచేవోడు. వస్తంది వస్తంది అని చూసేవాళ్లం, ఆయన లేచేవోడు. మేవూ లేచేవాళ్లం. ముద్ద చేతిలో ఉన్నా సరే."

"అడగాల్సింది" అన్నాను.

"ఎవర్ని?" అని మళ్లీ నోట్లో పుల్లలు పెట్టుకుంది.

ఇక కొత్త ఫారెస్టు రేంజరు వచ్చినప్పటి సంగతి. డెబ్భైల మధ్యలో. కుర్రవాడు, చదువుకున్నవాడు, చొక్కా చేతులు మడిచేవాడు కాదు. చెడ్డవాడని నేను అనను. కొండ నిజంగానే బోడి అయిపోయింది. మేకలు చిగురు నిలవనిచ్చేవి కావు, గొడ్డళ్లు మాను నిలవనిచ్చేవి కావు. వాన పడితే ఎర్రనీళ్లు వాగులోకి, వాగులోంచి పొలాల్లోకి. కొండ వాలంతా కొన్నేళ్లు మూసేసి, ఉన్న తుప్ప తీసేసి, వరసల్లో జామాయిలు మొక్కలు నాటాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. దానికి పేటవాళ్లు ఒప్పుకున్నట్టు తీర్మానం కావాలి. ఇంకెక్కడో ఒప్పించకుండా కంచె వేస్తే జనం రాత్రికి రాత్రి పీకేశారట. అందుకని ఈసారి ముందు ఒప్పించడం.

ఆయన మా ఇంటికి వచ్చాడు. మిగిలిన ఒకే ఒక్క వెండి గ్లాసులో కాఫీ ఇచ్చాం.

"సభకి మీరు అధ్యక్షత వహించాలి" అన్నాడు. "మీ మాట వాళ్లు వింటారని అందరూ చెబుతున్నారు."

అప్పటికి ఏళ్లు అయింది నన్ను ఎవరైనా ఏదైనా వహించమని అడిగి. చొక్కా సర్దుకున్నాను.

"మాట వింటారని నేను చెప్పను" అన్నాను. "కాని నేను లేస్తే లేస్తారు."

ఆయనకి అర్థం కాలేదు. నేనే విడమరిచి చెప్పాను. తాతగారి పంక్తి, పీట, మర్యాద. ఇప్పటికీ పేటలో పెళ్లికి వెళ్తే నేను కుర్చీలోంచి లేచానంటే కూర్చున్నవాడు ఒక్కడుండడని గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు. నెమ్మదిగా తలూపి, కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు.

సభ పేటలో బడి ముందు జరిగింది. నాకు కుర్చీ వేశారు. కనకాంబరాల దండ వేశారు. జనం నేలమీద కూర్చున్నారు. మేకలవాళ్లు ముందు వరసలో, మొహాలు ముడుచుకుని. వాళ్లు కాదనడానికే వచ్చారు. ఒకాయన అయితే కాదని చెప్పడానికి తలపాగా కూడా చుట్టుకొచ్చాడు. ముసలిది బడి గోడ నీడన కూర్చుని ఆకులు కుడుతోంది.

రేంజరు బాగానే మాట్లాడాడు. వానల గురించి, వాగు గురించి, పిల్లల కాలం గురించి చెప్పాడు. చివరికి అసలు సంగతికి వచ్చాడు. "కొన్నేళ్లపాటు మేకల్ని తోలకూడదు. కట్టె కొట్టకూడదు. ఆకు దుయ్యకూడదు. మీ అంగీకారం లేకుండా ఏదీ చెయ్యం. ఒప్పుకున్నవాళ్లు లేచి నిలబడండి."

ఎవరూ కదల్లేదు. తలపాగా మనిషి గొంతు సవరించుకున్నాడు.

రేంజరు నావైపు తిరిగి చేతులు జోడించాడు. "ముందుగా అధ్యక్షులవారు" అన్నాడు.

ఆయన చేతికి నేను ఏం అందించానో నాకు అప్పుడు తెలిసింది. కూర్చునే ఉండవచ్చు. కుర్చీలో కూర్చున్న మనిషిని లేపడం ఎవరి తరం? కాని మెడలో దండ ఉంది, అందరి కళ్లూ నామీద ఉన్నాయి. లేస్తారా లేదా అన్న ప్రశ్న అడవిని గురించి కాదు, నన్ను గురించి అనిపించింది. వాళ్లు లేవడం నాకు చూడాలనిపించింది. అంతే. లేచాను.

లేచారు. బట్ట దులుపుకుంటూ ఒకరి వెనక ఒకరు. మేకలవాళ్లు కూడా. తలపాగా మనిషి లేచిన తర్వాత తాను ఎందుకు వచ్చాడో గుర్తుకొచ్చినట్టు అటూ ఇటూ చూశాడు. కాని నేను నిలబడి ఉన్నాను, ఎలా కూర్చుంటాడు?

గోడ నీడన ముసలిది మాత్రం కూర్చునే ఉంది. పుల్ల తీసింది, గుచ్చింది, తుంచింది.

"ఆవిడ లేవలేదేంటి?" అన్నాడు రేంజరు.

"ముసల్దండీ. మోకాళ్లు" అన్నాడెవరో.

ఆమె నోట్లోంచి పుల్లలు మొత్తం తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మోకాళ్లు బానే ఉన్నయ్యి" అంది. "ఆయన లేచాడంటే ఆయన భోజనం అయిందని. నాది అవలేదుగా."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నాకు చెవులు కాలాయి. వచ్చినవాళ్లంతా నన్ను చూశారు, అది ఒక్కతే రేంజరు చెప్పింది విన్నది. ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ రోజు మాత్రం, ఇంతమందిలో నా ముందు కూర్చుని ఉండిపోయింది అన్న ఒక్క సంగతే నా బుర్రలోకి ఎక్కింది.

రేంజరు కాగితం మీద ఏకగ్రీవంగా అని రాశాడు. "ఒక్కరేగా" అన్నాడు నాతో, చిరునవ్వుతో. నేను సంతకం పెట్టాను. పేటవాళ్లు వేలిముద్రలు వేశారు. లేచినవాళ్లు గదా, వెయ్యక ఏం చేస్తారు?

కందకం తవ్వారు. గార్డుని వేశారు. మేకలు సంతకి వెళ్లిపోయాయి. పేటలో తిట్టుకోవడం మొదలైంది. నన్ను కాదు. నేను కనిపిస్తే ఎప్పటిలాగే తలగుడ్డ తీసేవారు. వాళ్లు తిట్టింది ముసలిదాన్ని. అది నోరు పారేసుకోబట్టే రేంజరుకి కోపం వచ్చిందని, లేకపోతే మేకలకి కొంచెం చోటు వదిలేవాడని. ఆ మాట ఎవరు పుట్టించారో తెలియదు. నా చెవిన పడింది. కాదని నేను చెప్పలేదు.

ఆమె విస్తళ్లు కుట్టడం ఆగలేదు. పాత ఎండాకు నిలవ ఉన్నంతవరకు కుట్టింది. ఆ తర్వాత ఎక్కడినుంచి తెస్తోందో ఎవరూ అడగలేదు. విస్తళ్లు అందరికీ కావాలి గదా.

ఆ ఏడు మా నాన్నగారి తద్దినం వచ్చింది. అలవాటు ప్రకారం కబురు పంపాను. ఆకు దుయ్యకూడదని సంతకం పెట్టిన చేత్తోనే విస్తళ్లకి కబురు పంపుతున్నానని ఆ క్షణాన నాకు తోచలేదు. నా కబురూ అడవీ వేరు అనుకున్నాను.

తద్దినానికి ఇంకా రెండు రోజులుండగా, పొద్దున్నే గేటు ముందు గార్డు సైకిలు ఆగింది. వెనక ముసలిది. నెత్తిన పచ్చి మోదుగాకు మోపు, మోపుకి అడ్డంగా ఆమె ఆకు దూసే దోటి కట్టి ఉంది. మూడు మైళ్లూ సైకిలు వెనకే నడిపించుకుని, బజారు మధ్యనుంచి తెచ్చాడు. గార్డు పెనుగొలను వైపు మనిషి. ఆమెను కేసులో ఇరికించడం అతనికీ ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలిసింది.

"బాబుగారూ, వాలులో దొరికిందండి" అన్నాడు. "ఏందని అడిగితే దివాణంలో తద్దినానికి అంది. నిజవేనాండి?"

నేను గేటు తియ్యలేదు.

"మీ మనిషని ఒక్క మాటనండి చాలు. ఆకు మీకిచ్చేసి పంపించేస్తా. రేంజరుగారు అడిగితే మీ పేరు చెప్పుకుంటా. లేకపోతే ఆఫీసుకి తీసకెళ్లాలండి, కేసు రాస్తారు."

ముసలిది మోపు దించలేదు. మెడ నిటారుగా పెట్టి నన్ను చూసింది. నోట్లో పుల్లలు లేవు. నోరు ఖాళీగా ఉన్న ముసలిదాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. పళ్లు లేవు. మీరే గదా కబురు పెట్టారు అని ఆమె అనవచ్చు. అని ఉంటే ఏమయ్యేదో. ఆ మాట నేనే అంటానని చూసింది.

వీధిలో నలుగురు ఆగారు. టీ కొట్టు సాయిబు గ్లాసు కడుగుతూ ఆగాడు.

"మా మనిషి అయితే నేను లేచినప్పుడు లేచేది" అన్నాను.

చాలా రోజులనుంచి లోపల తయారుగా ఉన్న మాటలా తడబాటు లేకుండా వచ్చింది. గార్డు తల దించుకున్నాడు. టీ కొట్టు దగ్గర ఎవరో "అబ్బో" అన్నారు. మెచ్చుకోలుగానే.

ముసలిది మోపు సర్దుకుంది.

"పదరా నాయనా" అంది గార్డుతో. "ఈయన భోజనం అయిపోయింది."

రేంజి ఆఫీసు ఆవరణలో ఆ ఆకు తగలబెట్టారు. పచ్చాకు గదా, మండదు, పొగ వస్తుంది. ఆ పొగలో ఆమెను సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. దోటి జప్తు చేశారు. కేసు రాశారు. వాయిదా వాయిదాకీ పేటనుంచి తిరువూరు నడిచి వచ్చి, పిలిచేదాకా వేపచెట్టు కింద కూర్చుని, పిలవకపోతే తిరిగి వెళ్లేది. మా ఇంటి ముందునుంచే దారి. తలతిప్పి చూసేది కాదు. మా నాన్నగారికి ఆ ఏడు అరిటాకుల్లో పెట్టాం.

మరుసటి ఎండాకాలం నేను రెడ్డిగూడెం వెళ్తుంటే బస్సు కొండ పక్కన చెడిపోయింది. దిగి నిలబడ్డాను. వాలులో కూలీలు తుప్ప మొదళ్లు తవ్వుతున్నారు. మోదుగ నరికితే చావదు, మొదలునుంచి మళ్లీ పిలకేస్తుంది. అందుకని జామాయిలు గుంట తియ్యాలంటే ముందు మోదుగ మొదలు వేరుదాకా పెకలించాలి. ఆ తవ్వేవాళ్లలో ముసలిది ఉంది. గునపం ఆమెకన్నా పొడుగు.

నన్ను చూసి ఆగింది. ఇరవై ఏళ్ల అలవాటు, నేనే పలకరించాను.

"ఏంటి, ఇక్కడ?"

"కూలికండి" అంది. "ఏ చెట్టు ఎక్కడుందో నాకే తెలుసంట. మేస్త్రీ నన్ను ముందు నడవమంటాడు. నేను చూపిస్తా, వాళ్లు నరుకుతారు, మొదలు నేను తవ్వుతా. దీని ఆకు మీ నాన్నగారి పెళ్లికి కుట్టా, ఈ చెట్టుదే." గుంటలోకి తొంగి చూసింది. "మీరు పెద్దోళ్లు, చెప్పండి బాబుగారూ. ఈ లోతు చాలా, ఇంకా తవ్వమంటారా?"

పక్కన కూలీలు నవ్వారు. బస్సు బాగయిందని కండక్టరు పిలిచాడు. పరిగెత్తాల్సిన దూరం కాకపోయినా పరిగెత్తాను.

కొండ పచ్చబడింది. అది కూడా చెప్పాలి. రెండేళ్లలో జామాయిలు మనిషెత్తు లేచి, గీత గీసినట్టు వరసల్లో నిలబడింది. దూరంనుంచి చూస్తే కళ్లకి బాగుంటుంది. ఆ ఆకుతో ఏదీ కుట్టలేం. మేక కూడా ముట్టదు.

ఆమె పోయిందని టీ కొట్టు సాయిబు చెప్పాడు. వారం రోజులు జ్వరమట. ఇంకో పది రోజులకి ఆమె కూతురు మా ఇంటికి వచ్చింది. తల్లి నిలబడిన చోటే, మెట్టు కిందే నిలబడింది.

"రేపు పెద్దకర్మండీ. అమ్మ పోయేముందు చెప్పింది, మిమ్మల్ని పిలవమని. మొదటి పంక్తిలో కూర్చోబెట్టమని."

మా ఇంట్లో ఎవరూ ఆ పేటలో అన్నం తిని ఎరగరు. మా ఆవిడ లోపలినుంచి గట్టిగా దగ్గింది. కాని మొదటి పంక్తి అన్న మాట నన్ను పట్టుకుంది. పదేళ్లయింది, తిరువూళ్లో ఎవరి పెళ్లికి వెళ్లినా నన్ను రెండో పంక్తిలో సర్దుకోమంటున్నారు. చచ్చేముందు ముసలిదానికి బుద్ధి వచ్చిందనుకున్నాను. క్షమించమని అడిగే పద్ధతి అదే అనుకున్నాను. వస్తానన్నాను.

ఇంటి ముందు పందిరి. నేలమీద పొడుగ్గా ఒకే ఒక్క బారు. ఎగువన నాకు పీట వేశారు. అది చూసి తృప్తిపడ్డాను. విస్తళ్లు పరిచారు. మోదుగాకువి. నేను చూస్తున్నానని గమనించి కూతురు చెప్పింది:

"ఇవి అమ్మ కుట్టినవేనండి. ఆకు దొరికిన రోజుల్లోనే తన దినానికని కుట్టుకుని అటక మీద పెట్టుకుంది. వేరే ఆకుల్లో పెడితే ఊరుకోనంది."

ఎండిపోయినా ఎక్కడా పుల్ల ఊడలేదు.

వడ్డన మొదలయ్యే ముందు కూతురు బారు మధ్యలో నిలబడింది. "అమ్మ చెప్పింది అందరికీ గుర్తుందిగా?" అని గొంతు పెంచింది. "బాబుగారు ఎప్పుడు లేచినా సరే, మీరు లేవొద్దు. పెరుగు తిని, చేతులు నాక్కుని అప్పుడు లెగండి. అదే ఆమెకి మీరు చేసే కర్మ అని చెప్పింది."

"గుర్తుందమ్మా" అన్నారు బారంతా. తలపాగా మనిషి ఉన్నాడు, "ఆ ఒక్కటీ చేస్తాంలే" అన్నాడు నావైపు చూడకుండా.

నేను అక్కడినుంచి వెళ్లిపోలేదు. పిలిచిన చోట ఆకు ముందునుంచి వెళ్లిపోవడం మా ఇంటా వంటా లేదు. నడుం నిటారుగా పెట్టి తిన్నాను. పప్పు, వంకాయ, చారు. చారు ఒక్క చుక్క కారలేదు. తర్వాత పెరుగు కుండ వచ్చింది. అది నా దగ్గర మొదలు కాలేదు. అటు చివర మొదలైంది. అదీ ముసలిదాని ఏర్పాటేనని తెలియడానికి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెరుగు ఆఖర్న నాకు రావాలి.

నా ఆకు ఖాళీ అయింది. చెయ్యి ఎండుతోంది. కుండ ఒక్కొక్క ఆకు ముందూ వంగుతోంది, జరుగుతోంది. అటు చివర పళ్లులేని అవ్వ ఒకతి పెరుగన్నం మెత్తగా పిసుక్కుంటోంది. వాళ్లు నావైపు చూడడం లేదు. తింటున్నారు. నేను లేచినా వీళ్లు లేవరు. ఆ సంగతి ఆకు ముందు కూర్చున్న ప్రతివాడి వీపులోనూ కనిపిస్తోంది.

కుండ బారు సగం దాకా వచ్చింది.

మోకాళ్లు పట్టేసి లేచానని ఇంటికి వెళ్లాక మా ఆవిడకి చెప్పాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

లేచి నిలబడ్డాను. ఒక్క ఊపిరి సేపు ఎవరూ కదల్లేదు. నిజం చెబుతున్నాను, ఆ ఒక్క ఊపిరి సేపూ వాళ్లు లేవకూడదనే కోరుకున్నాను. అప్పుడు తలపాగా మనిషి నేల మీద చెయ్యి ఆనించాడు. అతని పక్కవాడు. ఆ పక్కవాడు. పెరుగు పడినవాళ్లు, పడనివాళ్లు, బట్ట దులుపుకుంటూ ఒకరి వెనక ఒకరు. అటు చివర అవ్వ ముద్ద నోట్లో పెట్టుకుంటూనే, పక్కవాళ్లని పట్టుకుని లేచింది.

కూతురు పెరుగు కుండ చంకన పెట్టుకుని బారు మధ్యలో నిలబడిపోయింది.

"కూర్చోండి!" అంది. "అమ్మ చెప్పలా? ఇప్పుడేగా గుర్తుందన్నారు? కూర్చోండయ్యా!"

ఎవరూ కూర్చోలేదు. ఒకసారి ఆకు ముందునుంచి లేచిన మనిషి మళ్లీ కూర్చోకూడదు గదా. తలపాగా మనిషి తన ఎంగిలి చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నేను చెయ్యి కడుక్కోవాలి, వాళ్లు నా వెనక కడుక్కోవాలి. ఆగి ఉన్నారు.

చెయ్యి కడుక్కుని పెరటి వైపునుంచి బయటికి వచ్చాను. అప్పటికే ఆకులు ఎత్తి కుప్ప పోస్తున్నారు. ఆగకూడదనుకుంటూనే ఆగి, కాలి బొటనవేలితో ఒకటి తిరగేశాను. అన్నం సగం ఉంది. దానిమీద పెరుగు, ఇంకా కలపలేదు. మీగడతో సహా ఉంది.

ఇంకొకటి తిరగెయ్యబోయేంతలో పేటలో కుక్కలన్నీ వచ్చిపడ్డాయి. మా తాతగారి రోజుల్లో మా పెరట్లో కొట్టుకున్నట్టే కొట్టుకుంటున్నాయి.